ఫిడేలు నాయుడుగారు కుడిచెయ్యి నేర్చుకున్న తీరు

కర్ణాటక సంగీతంలో ఫిడేలు అనగానే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చే పేరు ద్వారం వెంకటస్వామినాయుడుగారిది. ఆ పేరుతో పాటే విజయనగరం, విశాఖపట్నం గుర్తొస్తాయి. ఆయన పుట్టింది మాత్రం బెంగళూరులో. 1893 నవంబరు 8న, దీపావళి పండుగనాడు, సైన్యంలో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగాయన ఇంట పుట్టారు. అప్పటికి మన కోలారు బంగారు గనుల్లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలై పదమూడేళ్లు. సైన్యం కోసం కొందరు, రైలు కోసం కొందరు, గనుల కోసం కొందరు ఈ ప్రాంతానికి వచ్చి, వీధిలో నాలుగు భాషలు వింటూ, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ బతికిన కాలం అది. నాయుడుగారి కుటుంబం అలాంటి వాటిలో ఒకటి. తండ్రి ఉద్యోగం ముగిశాక వాళ్లు విశాఖపట్నం చేరుకున్నారు. పిల్లవాడు పెరిగింది అక్కడే.

ఈ పేజీలో ఆయన గురించి రాయడానికి కారణం ఉంది. మన తెలుగు బడుల పిల్లల్లో ఇప్పుడు గిటారు మోజు బాగా కనిపిస్తోంది. కె.జి.ఎఫ్.లో చర్చిల్లోనూ ఆంగ్లో ఇండియన్ ఇళ్లలోనూ గిటారు, వయొలిన్, పియానో ఎప్పటినుంచో ఉన్నవే కాబట్టి ఇది వింత కాదు. తల్లిదండ్రులు మాత్రం రెండు సందేహాలతో వస్తారు. వాద్యం పట్టుకుంటే బడి చదువు వెనకబడదా అన్నది ఒకటి. ఫోనులో చూసి నాలుగు పాటలు వాయించేస్తున్నాడు కదా, ఇక గురువెందుకు అన్నది రెండోది. నాయుడుగారు పిల్లవాడిగా, యువకుడిగా, ఆ తర్వాత మేష్టారుగా ఎలా నేర్చుకున్నారో చూస్తే ఈ రెండింటి గురించీ ఆలోచించడానికి దారి దొరుకుతుంది.

బయటి నుంచి వచ్చిన వాద్యం

ఫిడేలు మన దేశంలో పుట్టింది కాదు. ఈనాడు అది లేని కర్ణాటక సంగీత కచేరీని ఊహించలేం కానీ, రెండు వందల ఏళ్ల వెనక్కి వెళితే మన విద్వాంసులకు అది తెల్లదొరల బ్యాండులో మోగే కొత్త వస్తువు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర ఒక యూరోపియను వద్ద ఆ వాద్యం నేర్చుకుని, దాని మీద మన రాగాలు పలికించారు. తంజావూరు సోదరుల్లో ఒకరైన వడివేలు తిరువాన్కూరు ఆస్థానంలో దాన్ని వాయించి పేరు తెచ్చుకున్నారు. అలా పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి పాట పక్కన ఫిడేలు తప్పనిసరి అయింది.

మనవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. పడమటి దేశాల్లో నిలబడి, గడ్డం కింద బిగించి వాయిస్తారు. మనవాళ్లు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. ఫిడేలు తల భాగాన్ని కుడి పాదం మీద ఆనిస్తారు, అడుగు భాగాన్ని ఎడమ భుజానికీ ఛాతీకీ ఆనిస్తారు. వాద్యం రెండు చోట్లా ఆని ఉంటుంది కాబట్టి ఎడమచేతికి దాన్ని మోసే పని తప్పుతుంది. వేళ్లు తీగ వెంట పైకీ కిందికీ జారవచ్చు. గమకం పలకాలంటే ఆ జారుడు కావాలి. శ్రుతి కూడా మార్చుకున్నారు. వాళ్ల నాలుగు తీగలు నాలుగు వేరువేరు స్వరాలకు ఉంటే, మన తీగలు షడ్జమం, పంచమం, మళ్లీ షడ్జమం, పంచమం.

ఎడమచేతి విషయంలో మనవాళ్లు ఇలా సొంత దారి వేసుకున్నారు. కుడిచేతిలో ఉండే కమాను సంగతి వేరు. పడమటి దేశాల వాళ్లు కొన్ని తరాలుగా కమాను పట్టు మీద, లాగే తీరు మీద ఒక శాస్త్రమే తయారు చేశారు. మన దగ్గర పాటకు తోడుగా స్వరం వినిపిస్తే చాలన్న ధోరణి వల్ల చాలామంది దాన్ని అంతగా పట్టించుకోలేదు. కమానును కొద్ది మేర ముందుకూ వెనక్కూ ఆడించి పని జరుపుకునేవాళ్లు. నాయుడుగారు జీవితమంతా పెట్టి సరిదిద్దిన చోటు ఇదే.

అన్నగారి దగ్గర పాఠం

ద్వారం వారి ఇంట సంగీతం మీద మక్కువ ముందు తరాల నుంచీ ఉంది. వెంకటస్వామికి మొదటి గురువు సొంత అన్న వెంకటకృష్ణయ్య. ఇంట్లోనే గురువు ఉండటం వల్ల పాఠానికి వేళంటూ ఉండదు. పొద్దున వాయించింది తప్పైతే మధ్యాహ్నం భోజనాల దగ్గర అయినా చెప్పే మనిషి పక్కనే ఉంటాడు.

ఆ పిల్లవాడికి చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. ఆ కారణంగా బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. నల్లబల్ల మీది అక్షరం కనపడని పిల్లవాడికి ఆ రోజుల్లో బడిలో చోటు ఉండేది కాదు. అంధులకు ప్రత్యేక బోధన, పెద్ద అక్షరాల పుస్తకాలు మామూలు ఊళ్లకు చేరని కాలం. ఒక మధ్యతరగతి ఇంట్లో మగపిల్లవాడి చదువు ఆగిందంటే ఆ ఇంటి పెద్దలకు ఎంత దిగులుగా ఉంటుందో మనకు తెలుసు. అప్పటివరకు ఇష్టంగా నేర్చుకుంటున్న ఫిడేలు ఇక బతుకుతెరువు కూడా కావలసి వచ్చింది. తెలిసో తెలియకో నేర్చిన సంగీతం అందుకు సరిపోదు. గట్టిగా, పద్ధతిగా నేర్చుకోవాలి.

ఫిడేలు నేర్చుకునే పిల్లవాడి రోజు ఎలా ఉంటుందో చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. మాయామాళవగౌళ రాగంలో సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, ఆ తర్వాత గీతాలు, వర్ణాలు, కీర్తనలు. ప్రతిదీ మూడు కాలాల్లో. గిటారు మెడ మీద లోహపు గీతలుంటాయి, వీణ మీద మెట్లుంటాయి. వేలు వాటి మధ్య ఎక్కడ నొక్కినా స్వరం దాదాపు సరిగానే వస్తుంది. ఫిడేలు మెడ నున్నగా ఉంటుంది. వేలు బియ్యపు గింజంత పక్కకు పోయినా అపశ్రుతే. కంటితో చూసి వేలు పెట్టే వీలు అందరికీ తక్కువే, చెవే చెప్పాలి. చూపు తక్కువైన పిల్లవాడు ఈ ఒక్కచోట మిగతావాళ్ల కంటే వెనకబడి లేడు. నల్లబల్ల దగ్గర అడ్డమైన లోపం ఇక్కడ అడ్డం కాలేదు.

కుడిచేతి పని

ఫిడేలు వినేవాళ్లు ఎడమచేతి వేళ్లనే చూస్తారు. అవి వేగంగా పరిగెత్తుతుంటే ముచ్చటేస్తుంది. నాదం పుట్టేది మాత్రం కుడిచేతి వల్ల. కమానుకు కట్టిన గుర్రపు వెంట్రుకలు తీగను పట్టి లాగితే శబ్దం వస్తుంది. ఆ లాగుడులో విద్యార్థి అదుపులో పెట్టుకోవలసినవి మూడు. ఒకటి వేగం, అంటే కమాను ఎంత త్వరగా కదులుతోంది. రెండోది బరువు, అంటే చెయ్యి తీగ మీద ఎంత ఆనుతోంది. మూడోది చోటు, అంటే కమాను బ్రిడ్జికి దగ్గరగా ఉందా, దూరంగా ఉందా. బరువు ఎక్కువై వేగం తగ్గితే గీరినట్టు ఉంటుంది. వేగం ఎక్కువై బరువు తగ్గితే గాలి పోయినట్టు ఉంటుంది. కమాను బ్రిడ్జికి సమాంతరంగా కాక వంకరగా నడిస్తే నాదం చెదురుతుంది.

ఇవి పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. ఒకే తీగ మీద ఒకే స్వరాన్ని, కమాను ఈ కొస నుంచి ఆ కొస దాకా, వణుకు లేకుండా, ఒకే పరిమాణంలో లాగడం మొదటి పాఠం. కొసలో కమాను తేలిక, పట్టు దగ్గర బరువు. శబ్దం మాత్రం రెండు చోట్లా ఒకేలా రావాలి కాబట్టి మణికట్టు, వేళ్లు లోపల్లోపల సర్దుకుంటూ ఉండాలి. తర్వాత కమాను దిశ మారేటప్పుడు ఆ మార్పు చెవికి తెలియకుండా చేయడం. ఆ తర్వాత ఒకే లాగుడులో శబ్దాన్ని సన్నగా మొదలుపెట్టి పెంచడం, మళ్లీ తగ్గించడం. పాట రాని ఈ పాఠాలు నెలల తరబడి చేయాలి. పిల్లలు విసుక్కునేదీ, తల్లిదండ్రులు ఇంకా పాట నేర్పలేదేమని అడిగేదీ ఇక్కడే.

నాయుడుగారి వాదనం విన్నవాళ్లందరూ ముందుగా చెప్పుకునేది ఆయన కమాను గురించే. నిండైన పొడవు లాగుళ్లు, తేనెలాంటి నాదం, సన్నగా వాయించినా వెనక వరుసకు అందే స్పష్టత. పడమటి సంగీతమంటే ఆయనకు ఎంతో ఇష్టం. ఆ దేశాల వాద్యకారుల గ్రామఫోను రికార్డులు సేకరించి విన్నారు. కమాను విద్యలో వాళ్ల దగ్గర నేర్చుకోవలసినది ఉందని గ్రహించి, దాన్ని తన సాధనలోకి తెచ్చుకున్నారు. రాగం మనదే, గమకం మనదే, కూర్చునే తీరు మనదే. కమాను నడకకు మాత్రం ఎక్కడ మంచి పద్ధతి ఉంటే అక్కడి నుంచి తీసుకున్నారు. అలా తీసుకున్నందువల్ల ఆయన సంగీతంలో పరాయి వాసన వచ్చిందని ఎవరూ అనలేదు. పైగా ఫిడేలు మనిషి గొంతులా పాడుతోందన్నారు.

విద్యార్థిగా వెళ్లి అధ్యాపకుడై

1919లో విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజు తన పట్టణంలో ఒక సంగీత పాఠశాల పెట్టారు. ఆస్థానంలో పనిచేసే ఒకరి కుమారుడు, చూపు లేని చాగంటి గంగరాజుకు సంగీతం నేర్పించాలన్న ఆలోచనతో అది మొదలైందని విజయనగరంలో చెప్పుకుంటారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు.

వెంకటస్వామినాయుడుగారు ఆ పాఠశాలకు వెళ్లింది ఉద్యోగం కోసం కాదు, విద్యార్థిగా చేరడానికి. అన్నగారి దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసి, అప్పటికే బాగా వాయించగలిగిన మనిషి, ఇంకా పద్ధతిగా నేర్చుకోవాలని వెళ్లారు. పరీక్షకు కూర్చోబెట్టి ఫిడేలు విన్న నారాయణదాసుగారు ఆయన్ని విద్యార్థిగా చేర్చుకోలేదు. ఫిడేలు అధ్యాపకుడిగా నియమించారు. నాయుడుగారికి అప్పుడు ఇరవై ఆరేళ్లు. బడి చదువు పూర్తికాని యువకుడు ఒక్క రోజులో కళాశాల ఆచార్యుడయ్యాడు. 1936లో నారాయణదాసుగారి తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు.

మన ఉపాధ్యాయులు ఈ ఘట్టంలో నారాయణదాసుగారి వైపు కూడా చూడాలి. దరఖాస్తులో ఏ తరగతి దాకా చదివాడన్నది ఆయన లెక్కలోకి తీసుకోలేదు. వాయించమని చెప్పి, కూర్చుని విన్నారు. విన్నదాన్ని బట్టి నిర్ణయించారు. అలా వినే పెద్దమనిషి ఆ గదిలో లేకపోతే, నాయుడుగారు మొదటి తరగతి విద్యార్థుల వరుసలో కూర్చుని ఉండేవారు.

అదే ఏడు పుట్టిన గిటారు పిల్లవాడు

గిటారు మోజున్న పిల్లల కోసం ఇక్కడ మరో మనిషి ప్రస్తావన తేవాలి. నాయుడుగారు పుట్టిన 1893లోనే, ఫిబ్రవరి 21న, స్పెయిన్ దేశంలో లినారెస్ అనే ఊళ్లో ఆండ్రెస్ సెగోవియా పుట్టాడు. క్లాసికల్ గిటారు అనగానే ప్రపంచమంతా తలచుకునే పేరు అది. లినారెస్ కూడా గనుల ఊరే. అక్కడివి సీసపు గనులు. వాటిలో కొన్నింటిని పందొమ్మిదో శతాబ్దంలో నడిపింది మన కె.జి.ఎఫ్. గనులు నడిపిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీయే.

సెగోవియా చిన్నప్పుడు బాబాయి, పిన్ని వరసవాళ్ల ఇంట పెరిగాడు. ఆ రోజుల్లో స్పెయిన్‌లో గిటారంటే కల్లుపాకల్లో, వీధి నాట్యాల్లో మోగే వాద్యం. పెద్దింటి సంగీతశాలలో దానికి చోటు లేదు. ఇంట్లోవాళ్లు వద్దన్నారు. నేర్పే గురువూ సరిగా దొరకలేదు. ఆ పిల్లవాడు చాలావరకు తనకు తానే గురువై, తప్పు తానే విని దిద్దుకుంటూ నేర్చుకున్నాడు. 1909లో గ్రనడాలో మొదటి కచేరీ చేశాడు. తర్వాత ఏడు దశాబ్దాలకు పైగా దేశదేశాల వేదికల మీద గిటారు వాయించాడు. 1935లో, బాఖ్ అనే జర్మన్ సంగీతకర్త ఒంటరి ఫిడేలు కోసం రాసిన ఒక పెద్ద రచనను గిటారుకు మార్చి పారిస్‌లో వినిపించాడు. 1987లో తొంభై నాలుగేళ్ల వయసులో మరణించాడు.

ఇద్దరి దారీ ఒకచోట కలుస్తుంది. అక్కడ గిటారు ఆటకూ పాటకూ తోడు. ఇక్కడ ఫిడేలు గాత్రానికి పక్కవాద్యం. పక్కన ఉండే వాద్యాన్ని వేదిక నడుమ కూర్చోబెట్టాలంటే శబ్దంలో అందం ఉండాలి, అందుకు చేతి పద్ధతి సరిగా ఉండాలి. తోడు ఉన్నప్పుడు గాయకుడి గొంతు కప్పేసే లోపాలు, ఒంటరిగా వాయించినప్పుడు ఒక్కటీ దాగవు. సెగోవియాకు గురువు లేడు కదా, మనకెందుకు అనే పిల్లలు ఒక సంగతి గమనించాలి. ఆయన ప్రతి స్వరాన్నీ నిందితుణ్ణి ప్రశ్నించినట్టు ప్రశ్నించుకున్నాడు. అంత కఠినంగా తనను తాను దిద్దుకోగలిగే పదేళ్ల పిల్లవాడు ఊరికి ఒకడు కూడా ఉండడు. మిగతావాళ్లకు నాయుడుగారికి ఉన్నట్టు ఒక అన్నగారు కావాలి.

మాట తెలిసిన కమాను

నాయుడుగారి కమాను గురించి మన భాషా బడులకు నేరుగా సంబంధించిన విషయం ఒకటి ఉంది. కర్ణాటక సంగీతంలో త్యాగరాజ కృతులు తెలుగులో ఉన్నాయి. క్షేత్రయ్య పదాలు తెలుగు. వర్ణాల్లోనూ చాలా వరకు తెలుగే. ఫిడేలు మాట పలకలేదు, స్వరమే పలుకుతుంది. అయినా కమాను ఎక్కడ తిప్పాలో చెప్పేది మాటే. రాముడు అనే మాట ఒక లాగుడులో రావాలి. రా దగ్గర కమాను తిప్పి, ముడు అని విడిగా వాయిస్తే, మాట ముక్కలైనట్టు తెలుగు తెలిసినవాడి చెవికి వెంటనే తెలుస్తుంది. దీర్ఘం ఉన్నచోట కమాను నిలవాలి. ఒత్తు ఉన్నచోట చిన్న తాకిడి ఇవ్వాలి. అర్థం ముగిసిన చోట ఊపిరి తీసుకున్నట్టు తేలిక చేయాలి.

తమిళులు, కన్నడిగులు, మలయాళీలు కర్ణాటక సంగీతం నేర్చుకునేటప్పుడు తెలుగు సాహిత్యం రాసుకుని, అర్థం అడిగి, ఉచ్చారణ దిద్దుకుని మరీ నేర్చుకుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఆ మాటలు ముందే చెవిలో ఉన్నాయి. కైవారం నారాయణప్ప తాతయ్య తెలుగు కీర్తనలు పాడే భజన బృందాలు మన పాత కోలారు జిల్లా పల్లెల్లో ఉన్నాయి. ఆ భజనల్లో పెరిగిన పిల్లకు త్యాగరాజ కృతి పరాయిది కాదు. తెలుగు చదివితే ఏం లాభమని అడిగే తల్లిదండ్రులకు సంగీతంలో దొరికే సమాధానం ఇది. భాష వచ్చినవాడి కమానుకు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

వేదిక నడుమకు

నాయుడుగారు చాలాకాలం పెద్ద గాయకులకు పక్కవాద్యం వాయించారు. తర్వాత ఫిడేలు ఒక్కటే ప్రధానంగా కచేరీ చేయవచ్చని నమ్మి ముందుకు వచ్చారు. 1938లో, మన కె.జి.ఎఫ్.కు అంత దూరం కాని వెల్లూరులో ఆయన మొదటి సోలో కచేరీ జరిగింది. ఇప్పుడు ఫిడేలు సోలో మనకు మామూలు విషయం. అప్పట్లో గాయకుడు లేకుండా రెండు మూడు గంటలు ఫిడేలు ఒక్కటే జనాన్ని కూర్చోబెట్టగలదా అని చాలామందికి అనుమానం. కుడిచేతి మీద ఆయన పెట్టిన ఏళ్ల సాధనే ఆ అనుమానం తీర్చింది.

1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మన దేశానికి వచ్చాడు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట్లో నాయుడుగారి వాదనం విని ముగ్ధుడయ్యాడు. కమాను విద్యను తరతరాలుగా సాధించిన దేశాల నుంచి వచ్చిన మనిషి మెచ్చుకున్నాడంటే, రికార్డుల నుంచి నాయుడుగారు నేర్చుకున్న పాఠం ఎంత బాగా వంటబట్టిందో తెలుస్తుంది. అదే ఏడు ఢిల్లీలో అంధుల సహాయ సంఘం కోసం నిధులు పోగుచేయడానికి ఆయన కచేరీ చేశారు. చూపు తక్కువని బడి మానవలసి వచ్చిన మనిషి ఆ పని చేయడంలోని అర్థం విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో గౌరవించింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. వీటి మధ్య ఆయన తంబురా నాదం గురించి, రాగ లక్షణాల గురించి వ్యాసాలు రాస్తూ పరిశీలన సాగించారు. స్వభావం మెతక, బిడియం. శిష్యులకు నేర్పడంలో దాపరికం లేని మనిషి. కుమార్తె ద్వారం మంగతాయారు, బంధువుల్లో ద్వారం నరసింగరావు మొదలైనవారు ఆ బాణీని నిలబెట్టారు. 1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

మన ఇళ్లలో, మన బడుల్లో

ఈ జీవితం నుంచి మన తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తీసుకోవలసినవి మూడున్నాయి.

మొదటిది చూపు, వినికిడి గురించి. తరగతిలో వెనకబడిన పిల్లవాణ్ణి మొద్దు అనేముందు నల్లబల్ల కనిపిస్తోందా అని అడగండి. ముందు బెంచీలో కూర్చోబెట్టి చూడండి. ఏడాదికి ఒకసారైనా కంటి పరీక్ష చేయించండి. కళ్లజోడుతో తీరే లోపం వల్ల చదువు పోగొట్టుకోవలసిన కాలం కాదిది. అప్పటికీ చదువులో నిలదొక్కుకోలేని పిల్లలకు చెవి పదునుగా ఉందేమో, చెయ్యి పనిలో నేర్పు ఉందేమో చూడాలి. నారాయణదాసుగారిలా ఒక పూట కూర్చుని వినాలి.

రెండోది చేతి పద్ధతి. పిల్లలు గిటారే నేర్చుకుంటామంటే నేర్చుకోనివ్వండి, మొదటి ఆరు నెలలు మాత్రం కూర్చునే తీరూ చేతి తీరూ చూసి దిద్దే మనిషి దగ్గరికి పంపండి. క్లాసికల్ పద్ధతిలో ఎడమ పాదం కింద చిన్న పీట వేసుకుని, గిటారును ఎడమ తొడ మీద ఆనిస్తారు. వీపు నిటారుగా, భుజాలు వదులుగా ఉంటాయి. ఎడమచేతి బొటనవేలు మెడ వెనక ఉండాలి, పైకి పొడుచుకు రాకూడదు. మిగతా వేళ్లు కొసలతో, లోహపు గీతకు దగ్గరగా నొక్కితే తక్కువ బలం చాలుతుంది. కుడిచేతి బొటనవేలు లావు తీగలను, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు సన్న తీగలను మీటుతాయి. మణికట్టు వంకరగా బిగుసుకుంటే నొప్పి మొదలవుతుంది. ఒకసారి బిగువుతో అలవాటైన చేతిని మళ్లీ వదులు చేయడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. ఫోనులో పాఠం చెప్పే మనిషి మన పిల్లవాడి మణికట్టును చూడలేడు. అందుకే మొదట్లో ఎదురుగా కూర్చుని చూసే గురువు కావాలి. పునాది పడ్డాక ఫోనులోని పాఠాలు, నాయుడుగారికి గ్రామఫోను రికార్డులు ఉపయోగపడినట్టే, ఉపయోగపడతాయి.

రోజుకు ఇరవై నిమిషాలైనా చాలు, ఆ ఇరవై నిమిషాలు నెమ్మదిగా, సరిగా జరగాలి. వేగంగా తప్పు వాయిస్తే తప్పే వేగంగా అలవాటవుతుంది. మేము బడిలో ఎక్కాలకూ, దస్తూరీకీ చెప్పే నియమమే ఇది.

మూడోది భాష. కన్నడం బాగా నేర్చుకోవాలి, మనం ఉన్న రాష్ట్రపు భాష. ఇంగ్లీషు నేర్చుకోవాలి, పై చదువులకు అవసరం. వాటి నుంచి పద్ధతులూ పదాలూ తీసుకున్నంత మాత్రాన తెలుగు పోదు, ఇంట్లో మాట్లాడటం, బడిలో చదవడం, రాయడం మానకుండా ఉంటే. కమాను పట్టు పడమటి నుంచి తీసుకున్న నాయుడుగారి చేతిలో త్యాగరాజ కృతి ఇంకా స్పష్టంగా వినిపించింది. తల్లిభాష గట్టిగా ఉన్న పిల్లవాడు బయటి నుంచి తెచ్చుకున్నదాన్ని ఎక్కడ వాడాలో తెలుసుకుంటాడు.

నాయుడుగారు వాయించిన పాత రికార్డింగులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఈ నెలలో ఒక శనివారం మధ్యాహ్నం పిల్లలను కూర్చోబెట్టి ఒకటి వినిపించండి. ముందుగా ఆ కృతి సాహిత్యాన్ని తెలుగు పీరియడులో చదివించండి. తర్వాత కళ్లు మూసుకుని వింటూ, మాట ఎక్కడ ముగిసిందో కమానును బట్టి చెప్పమనండి. వాళ్లలో ఎవరి చెవి పదునైనదో ఆ పూటకే మీకు తెలుస్తుంది. ఆ పిల్లవాడి పేరు, ఆ పిల్ల పేరు రాసి పెట్టుకుని, వాళ్ల అమ్మానాన్నలను పిలిపించి మాట్లాడండి.